బాయిలర్ పిలిచేది

ఖమ్మంలో మా ఖానాపురం హవేలి ఇంట్లో గీజర్ ఉంది. నీళ్ళు కాగితే దాని ఎర్ర లైటు ఆరిపోతుంది. మొన్న రిపేరుకు వచ్చిన మెకానిక్‌ని, "కాగినంక ఏదన్న చప్పుడు చేసేటట్టు పెట్టరాదయ్యా?" అని అడిగాను. "చప్పుడొస్తే కంప్లెయింట్ అమ్మా, రాకుంటేనే మంచిగున్నట్టు" అన్నాడు. అతని తప్పేమీ లేదు. కానీ నీళ్ళు కాగాయని చెప్పడానికి లైటు ఆరిపోవడమేమిటో నాకు ఇప్పటికీ మింగుడు పడదు. నేను కాపురానికి వెళ్ళిన ఇంట్లో నీళ్ళు కాగితే బాయిలర్ పిలిచేది.

ఆ ఇల్లు ములకలపల్లి అవతల, అడవి అంచున ఉండేది. నేను ఖమ్మం బజారులో పుట్టి పెరిగినదాన్ని. అత్తగారివాళ్ళు కృష్ణా జిల్లా నుంచి వచ్చి అక్కడ పొలం కొనుక్కుని స్థిరపడ్డవాళ్ళు. డెబ్బైల చివర్లో నన్ను ఆ ఇంటికి పంపుతూ మా అమ్మ పులుల గురించి భయపడింది. నాకు పులి ఒక్కసారి కూడా కనబడలేదు. నన్ను బెదరగొట్టింది వాళ్ళ తెలుగు. నేను "అత్తమ్మా" అంటే ఆవిడ "అత్తయ్యా అనాలమ్మా" అనేది. నేను "ఏంది" అన్న ప్రతిసారీ మామయ్య నవ్వు ఆపుకునేవాడు. మా ఇంట్లో నల్లా అనే దాన్ని వాళ్ళు కుళాయి అనేవాళ్ళు. నిజానికి బావి నీళ్ళు తోడుకునే ఆ ఇంట్లో ఉన్నదే ఒక్క కుళాయి. అది బాయిలర్‌కి ఉండేది.

ఆ బాయిలర్ అత్తమ్మ సారెతో పుట్టింటి నుంచి వచ్చింది. నడుమెత్తు రాగి పీపా. దాని మధ్యలో కింద నుంచి పైదాకా ఒక గొట్టం. గొట్టంలో నిప్పు, గొట్టం చుట్టూ నీళ్ళు. పైనుంచి పుల్లలు వేస్తే ఇనప జల్లెడ మీద పడి కాలేవి, బూడిద కిందికి రాలేది. భుజం దగ్గర నీళ్ళు పోయడానికి గరాటు మూతి, అడుగు నుంచి జానెడు ఎత్తున ఇత్తడి కుళాయి. వంటింటి వెనక చపటా మీద దాని స్థానం. ఆ ఇంట్లో దేవుడి గూటికి దీపం ఒక పూట ఆలస్యమైనా ఆవిడ ఊరుకునేది గానీ బాయిలర్ దగ్గర మాత్రం ఊరుకునేది కాదు.

ముందు నీళ్ళు, ఆ తర్వాతే నిప్పు. అదీ ఆవిడ పాఠం. నీళ్ళు లేకుండా మంట పెడితే అతుకుల్లో ఉన్న టంకం కరిగిపోయి బాయిలర్ విడివిడి రేకులైపోతుంది. అందుకని కుళాయి తిప్పి, ధార వచ్చాకే అగ్గిపుల్ల గీయాలి. నేను గీస్తుంటే వెనక నిలబడేది.

"కుళాయి తిప్పావా?"

"తిప్పిన."

"ధార వచ్చిందా?"

"అవ్, వచ్చింది."

"లావుగా వచ్చిందా, సన్నగానా?"

పదో తరగతి పరీక్షలు ఇంతకంటే సులువుగా ఉండేవని నోటిదాకా వచ్చేది. మింగేదాన్ని. కొత్త కోడలిని కదా.

పుల్లల సంగతి మరో తంటా. వాళ్ళ ఊళ్ళో కొబ్బరి చిప్పలు వేసేవాళ్ళట. ఇక్కడ కొబ్బరి చిప్పలెక్కడివి? తునికి పుల్లలు, మొక్కజొన్న బెండ్లు, వెదురు ముక్కలు. వెళ్ళిన వారంలోనే నేను చీల్చని వెదురు కణుపులు నాలుగు గొట్టంలో పడేశాను. ఫటాఫటా పేలాయి. మామయ్య పంచె ఎగ్గట్టుకుని పెరట్లోకి పరుగెత్తుకొచ్చాడు. గూడెం నుంచి మా ఇంటికి పనికి వచ్చే కోయ ఆమె మాత్రం పొట్ట పట్టుకుని నవ్వింది. "కణుపుల గాలుంటది గదమ్మా, చీల్చి ఏయాలె" అని చెప్పి, కత్తి తీసుకుని ఆ పనేదో తనే చేసిపెట్టింది. అప్పటి నుంచి ఆమే నాకు గురువు.

వారానికోసారి చల్లారాక గొట్టంలోని మసిని గెడ చివర పీచు కట్టి గీకేవాళ్ళం. పైన చింతపండుతో తోమేవాళ్ళం. మా బావివి చౌడు నీళ్ళు. లోపల తెల్లగా ఉప్పు పేరుకునేది. నెలకోసారి చింతపండు రసం పోసి కాచి వదిలితే కుళాయిలోంచి తెల్లటి పెచ్చులు పడేవి. ఇన్ని చేసే అత్తమ్మ, పైమూత మాత్రం తీయనిచ్చేది కాదు. మూత విప్పి గీకితే సగం పుల్లలతోనే నీళ్ళు కాగుతాయని ఎవరో మేస్త్రీ అంటే కస్సుమంది. "నా బాయిలర్ మూత ఎవరూ తీయక్కర్లేదు. వెళ్ళు నాయనా" అంది. ఎంత మొండిదో అనుకున్నాను.

ఇక పిలుపు. మంట అందుకున్న కాసేపటికి అడుగు నుంచి టక్, టక్ అని మొదలయ్యేది. నీళ్ళు మరిగే వేళకు గలగల గలగలమని ఒకటే మోత. వంటింట్లో ఉన్నా, కొట్టంలో ఉన్నా వినబడేది. "పిలుస్తోంది, లేవండి" అనేది అత్తమ్మ. నేను రాగి బాయిలర్లన్నీ అట్లాగే మోగుతాయనుకున్నాను. మా ఖమ్మం ఇంట్లో మూడు రాళ్ళ మీద కాగు పెట్టి కాచుకునేవాళ్ళం, నాకేం తెలుసు?

రెండో ఏడు చలికాలంలో కుళాయి కారడం మొదలైంది. తెల్లారేసరికి చెంబెడు నీళ్ళు. అత్తమ్మ గుడ్డపీలిక చుట్టింది, తాడు బిగించింది, అది కారుతూనే ఉంది. "ఈ కుళాయి సంగతి చూడాలి" అని రోజూ అనేది. ఇంతలో మాఘమాసం వచ్చింది. మధిరలో వాళ్ళ దగ్గరి చుట్టాల పెళ్ళి. అత్తమ్మా మామయ్యా మూడు రోజులకని వెళ్ళారు. వాళ్ళు వచ్చేలోగా కుళాయి బాగు చేయించి ఆవిడ చేత ఒక్కసారైనా శెభాష్ అనిపించుకోవాలని నాకు బుద్ధి పుట్టింది.

మర్నాడే సంత. కళాయి వేసే సాయిబు ఒకాయన సైకిల్ మీద తిత్తి, బొగ్గు సంచీ కట్టుకుని మా ఇంటి ముందు నుంచే సంతకు వెళ్ళేవాడు. ఇత్తడి గిన్నెల్లో తగరం పూసేవాడు. రాగీ ఇత్తడీ తెలిసిన మనిషి కదా, కుళాయి కూడా చూస్తాడనుకున్నాను. ఆపాను. నా ఖర్మ చూడండి, అన్నేళ్ళూ నల్లా అన్న నోటితో ఆ రోజే అత్తమ్మలాగా మాట్లాడాను. ఆవిడ మెప్పు కోసం నెల రోజులుగా ఆవిడ మాటలు నేర్చుకుంటున్నాను మరి.

"సాయిబూ, మా బాయిలర్‌కు కుళాయి పోయింది."

"కళాయి పోయిందా? ఎన్నేండ్లయింది బేటీ ఏసి?"

"మా అత్తమ్మ పెండ్లి నాటిది."

"అరే బాప్ రే! అయితే పూరా పోయే ఉంటది."

"అవ్, పూరా పోయింది. కొత్తది ఏస్తవా?"

"ఎందుకెయ్య? ఇయాల్నే ఏస్త. ఫస్ట్ క్లాస్ గ."

ఇంత సక్రమంగా మాట్లాడుకున్నామని సంతోషపడి, నేను కూలీలకు అన్నం వండడానికి లోపలికి వెళ్ళాను. గంజి వార్చి వచ్చేసరికి బాయిలర్ పెరట్లో ఉంది. పైమూత దాని పక్కన నేల మీద ఉంది. సాయిబు కాల్చిన కర్రుతో టంకం కరిగించి శుభ్రంగా విప్పేశాడు.

"అయ్యో అయ్యో! నల్లా ఏయమంటే నెత్తి దీసినవేంది?"

"నల్లానా? నువ్వు కళాయి అంటివి గద!"

"నేను కుళాయి అన్న!"

"గదే గద బేటీ, కళాయి!"

మూడుసార్లు అన్నాను. మూడుసార్లూ ఆయనకు కళాయి అనే వినబడింది. చివరికి కారుతున్నదాన్ని చేత్తో పట్టుకుని ఆడించి చూపిస్తే ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "యా అల్లా! గీడ నల్లాను కుళాయి అంటరా? నాకేం దెల్సు!" అని, తర్వాత నిదానంగా, "భయపడకు. ఇప్పినోన్ని నేనే, అతికేటోన్ని నేనే. తీసినంక కళాయి ఎయ్యకుండ మూస్తె పాపం. లోపల జూడు ఎంత పట్టిందో" అన్నాడు.

తొంగి చూశాను. వేలెడు మందాన తెల్లటి పొర. ఇంత ఉప్పును కాస్తూ మేము పుల్లలు తగలేశామన్నమాట. ఆ పొర చూశాక నా భయం కోపంగా మారింది. ముసలామె మొండితనం వల్లే కదా ఇదంతా అనుకున్నాను. సాయిబు కొయ్య సుత్తితో నలువైపులా కొట్టి పెచ్చులూడగొట్టాడు. బాయిలర్ బోర్లించి దులిపితే తట్టెడు పడింది. పెచ్చులు, గడ్డలు, పొడి. అందులో కొన్ని ఉండలు గుండ్రంగా ఉన్నాయి. చూశాను. చూసి కూడా ఊడ్చి తట్టకెత్తాను. తీసుకెళ్ళి పెంటకుప్ప మీద నేనే పోశాను.

సాయిబు పని మాత్రం కళ్ళు చెదిరేలా చేశాడు. గుంట తవ్వి బొగ్గులు పేర్చి, తిత్తి ఊది, రాగి బాగా కాగాక నవాసారం పొడి చల్లాడు. గుప్పున తెల్ల పొగ లేచింది. తగరం రాసి దూదితో ఒక తుడుపు తుడిస్తే లోపలంతా వెండి అయిపోయింది. వేడికి వదులైన అతుకులకు మళ్ళీ టంకం పెట్టి మూత అతికాడు, నీళ్ళు పోసి అతుకులు చూశాడు, పైన చింతపండుతో తోమాడు కూడా. వెళ్తూ వెళ్తూ కుళాయి వైపు చూసి, "గిది నా పని గాదు బేటీ, పంపుల మిస్త్రీ పని" అన్నాడు. అది అట్లాగే కారుతూ ఉంది.

మూడో రోజు మధ్యాహ్నం బస్సులో అత్తమ్మ ఒక్కతే దిగింది. మామయ్య ఇంకో రెండు రోజులు ఉండిపోయాడట. ఒళ్ళంతా దుమ్ము. మెరిసిపోతున్న బాయిలర్ చూసి, "ఎవరు తోమారే ఇంత బాగా?" అని మురిసింది. నేను కుళాయి కథ తర్వాత చెబుదామనుకుని, ఆవిడ అడక్కముందే ధార చూసి అగ్గిపుల్ల గీశాను. ఆవిడ వంటింటి మెట్టు మీద కూర్చుంది, పిలుపు కోసం.

మంట అందుకుంది. గరాటు మూతిలోంచి ఆవిరి లేచింది. ఆనాడు మేస్త్రీ అన్నట్టే సగం పుల్లలకే నీళ్ళు తెర్లుతున్నాయి. చప్పుడు లేదు. చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా లేదు.

ఆవిడ లేచి వచ్చి బాయిలర్‌కి చెయ్యి ఆనించింది. చురుక్కుమని కాలినా తీయలేదు. "కాగింది కదా. పిలవదేమే?" అంది. నా వైపు తిరిగింది. "మూత తీశారా?"

నేను చెప్పాను. కుళాయి, కళాయి, సాయిబు, అన్నీ ఒక్క గుక్కలో. నవ్వుతుందేమోనని మధ్యలో ఒకచోట నేనే నవ్వాను కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గు.

"అందులో రాళ్ళున్నాయమ్మా. ఐదు. అవేవి?" అంది.

ఆ మెట్టు మీదే కూర్చుని చెప్పింది. నా భర్తకు ముందు ఆవిడకో కూతురు. ఏడేళ్ళది. కాలవ గట్టున ఏరుకొచ్చిన ఐదు నున్నటి రాళ్ళతో పొద్దస్తమానం అచ్చనగాయలు ఆడేది. ఒక రాయి పైకెగరేసి, అది కింద పడేలోగా నేల మీది నాలుగూ ఊడ్చి తీసి, దాన్ని పట్టుకోవాలి. స్నానానికి రమ్మంటే వచ్చేది కాదు. ఒకరోజు ఈవిడ విసిగిపోయి, "ఆ రాళ్ళు కాలవలో పారేస్తా" అని కేకలేసింది. పిల్ల తల్లికి దొరక్కుండా ఐదింటినీ గరాటు మూతిలోంచి బాయిలర్లో వేసేసింది. ఆ సాయంత్రం నీళ్ళు మరిగి అవి గలగలమంటుంటే చప్పట్లు కొట్టి, "అమ్మా, నా రాళ్ళు పిలుస్తున్నాయే" అని నవ్విందట. తర్వాత నెల తిరక్కుండా జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయింది.

"గౌన్లు చూడలేక ఎవరికో ఇచ్చేశాను. పలక ఎక్కడ పోయిందో. ఫొటో తీయించాలని ఎప్పుడూ తోచలేదు. ఇక్కడికి వచ్చేటప్పుడు లారీ ఎక్కిన దాని వస్తువులు ఈ ఐదు రాళ్ళే. దారి పొడుగునా లోపల మోగుతూనే ఉన్నాయి."

నా భర్తకు అక్క ఒకత్తి పోయిందని తెలుసు. రాళ్ళ సంగతి తెలియదు. మామయ్యకు తెలుసో లేదో నేను ఎన్నడూ అడగలేదు. ఆ క్షణంలో నాకు ఏడుపు కూడా రాలేదు. పెంటకుప్ప వైపు పరుగెత్తాను.

అక్కడికి వెళ్ళి చూస్తే ప్రాణం పోయినంత పనైంది. ఆ పొద్దున్నే ఎరువు తోలడం మొదలుపెట్టారు. రెండు బండ్లు అప్పటికే చేలోకి వెళ్ళిపోయాయి. నేను తట్ట పోసిన మూల సగానికి తరిగిపోయింది. చీర కుచ్చిళ్ళు దోపుకుని రెండు చేతులతో తవ్వాను. కోయ ఆమె ఏమైందని అడిగి, విని, నా పక్కన కూర్చుని తవ్వడం మొదలుపెట్టింది. తెల్లటి గడ్డ ప్రతిదీ ఏరి కొంగులో వేసుకుని అత్తమ్మ దగ్గరికి మోశాను. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి, రాయేదో ఉప్పేదో చూస్తే తెలియదు. ఆవిడ ఒక్కొక్కటీ మెట్టు మీద పెట్టి బొటనవేలితో గట్టిగా నొక్కేది. ఉప్పుగడ్డ పొడి అయిపోయేది. ఒకటి పొడి, రెండోది పొడి, పదోది పొడి. ఆవిడ చేతులు మోచేతుల దాకా తెల్లబడ్డాయి. ఒకటి నలగలేదు. ఆవిడ ఇంకోసారి నొక్కింది. నలగలేదు. పెదవులు బిగబట్టి దాన్ని ఒళ్ళో వేసుకుంది.

కుప్పలో మూడు దొరికాయి. పొద్దు వాలుతుంటే కోయ ఆమే నన్ను చేలోకి లాక్కెళ్ళింది. బండి ఎరువు దించిన కుప్పలన్నీ కెలికాం. ఒకచోట ఆమె వంగి ఏదో తీసి, గోటితో తెల్లపొర గీకి, నా చేతిలో పెట్టింది. "గిది మన దిక్కు రాయి గాదమ్మా. పారే నీళ్ళల్ల దొర్లిన రాయి" అంది. నాలుగోది. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. చేలో కూలబడి గట్టిగా ఏడ్చాను. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి నిలబడింది.

ఐదోది దొరకలేదు. చీకటి పడేదాకా వెతికాం. మర్నాడు పొద్దున్నే మళ్ళీ వెతికాం. నా భర్త కూడా ఎడ్లు విప్పేసి వచ్చి మాతో వంగాడు. సంగతి అప్పుడే తెలిసింది ఆయనకు, మొహం కందిపోయి ఉంది. మధ్యాహ్నానికి అత్తమ్మ వచ్చి గట్టు మీద నిలబడి, "ఇక చాలు, ఎండ మండిపోతోంది, రండి" అంది.

ఇంటికొచ్చాక నాలుగు రాళ్ళనూ చింతపండు రసంలో కడిగింది. లోపల ఒకటి నల్లది, రెండు బూడిద రంగువి, ఒకటి తేనె రంగుది. ఆవిడే గరాటు మూతిలోంచి ఒక్కొక్కటీ జారవిడిచింది. కొత్త కళాయి మీద టంగుమని పడ్డాయి. నీళ్ళు పోసింది. కుళాయి తిప్పి ధార చూసింది. అగ్గిపెట్టె నా చేతికిచ్చింది.

ఇద్దరం మెట్టు మీద కూర్చున్నాం. కుళాయి కారుతూనే ఉంది. "నేను నల్లా అంటే గిట్ల కాకపోవు అత్తమ్మా. నీ తీరు మాట్లాడబోయి ఇంత చేసిన" అన్నాను.

"నేనే నల్లా అని ఉంటే సరిపోయేది. ఈ ఊరొచ్చి ఇన్నేళ్ళయినా నోరు తిరగలేదు" అని, కారే చుక్కల వైపు చూస్తూ, "సంతలో మేస్త్రీ కనబడితే నల్లా అనే చెబుతాను లే" అంది. అన్నట్టే ఆ తర్వాత ఆవిడ ఎన్నడూ కుళాయి అనలేదు. నేనేమో ఇప్పటికీ కుళాయి అంటాను. ఖమ్మంలో అందరూ నవ్వుతారు.

అడుగు నుంచి టక్‌మంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. మళ్ళీ టక్. కాసేపటికి గలగలమంది. మునుపటి మోత కాదు. సన్నగా, మధ్యలో ఎక్కడో ఒకచోట ఖాళీ వదిలిపెడుతూ మోగుతోంది.

"ఒకటి తక్కువైంది అత్తమ్మా" అన్నాను.

ఆవిడ చాలాసేపు విని, తల అడ్డంగా ఊపింది.

"తక్కువ కాలేదు. ఆటలో నాలుగే కదా నేల మీద ఉండేది. ఐదోది నా పిల్ల పైకెగరేసింది. ఇంకా కిందికి రాలేదు, అంతే" అని లేచింది. "పిలుస్తోంది. పో, ముందు నువ్వు స్నానం చెయ్యి. ఒళ్ళంతా పెంట."